ఏ రమాబాయి? తరచుగా అడిగే ప్రశ్నలు

ఫిబ్రవరి 7 వచ్చిందంటే వాట్సాప్ గ్రూపుల్లో రమాబాయి జయంతి పోస్టర్లు మొదలవుతాయి. వాటిలో కొన్నింటి మీద పేరు ఒకరిది, ఫోటో ఇంకొకరిది, కింద రాసిన విశేషాలు మూడో ఆవిడవి. గ్రూప్స్‌కి చదివే పిల్లలకైతే ఇదో టెన్షన్. ఆర్య మహిళా సమాజం పెట్టిన రమాబాయి, సేవా సదన్ నడిపిన రమాబాయి, అంబేడ్కర్ గారి భార్య రమాబాయి ఒకరేనా అని అడుగుతూనే ఉంటారు. కాదు, ముగ్గురూ వేరు. వాళ్లు పుట్టిన ఇళ్లు వేరు, పడ్డ కష్టాలు అంతకంటే వేరు. ఒకరి కష్టాన్ని ఇంకొకరి ఖాతాలో రాస్తే ఇద్దరికీ అన్యాయం చేసినట్టే. అందుకే పదే పదే వచ్చే ప్రశ్నలకు ఇక్కడ ఒక్కచోట జవాబులు రాస్తున్నాను.

మొత్తం ఎంతమంది రమాబాయిలు ఉన్నారు?

చరిత్ర పుస్తకాల్లో ఎక్కువగా తగిలేవాళ్లు నలుగురు. మొదటి ఆవిడ మరాఠా రాజ్య ప్రధాని (పీష్వా) మొదటి మాధవరావు భార్య. 1772లో భర్త చితి మీదే చనిపోయారు. రెండో ఆవిడ బొంబాయి హైకోర్టు న్యాయమూర్తి మహాదేవ గోవింద రానడే భార్య రమాబాయి రానడే. మూడో ఆవిడ సంస్కృత పండితురాలు, పుణే దగ్గర కేడ్‌గావ్‌లో దిక్కులేని ఆడవాళ్లకు నీడనిచ్చిన ముక్తి మిషన్ స్థాపకురాలు పండిత రమాబాయి (1858-1922). నాలుగో ఆవిడ డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ మొదటి భార్య రమాబాయి (1898-1935). ఆప్యాయంగా రమాయి అని పిలుచుకునేది ఈవిడనే. ఈ నలుగురి జీవితాలూ ఇప్పటి మహారాష్ట్రతో ముడిపడినవే కాబట్టి గందరగోళం ఇంకాస్త పెరిగింది.

ఒకే పేరు ఇంతమందికి ఎలా వచ్చింది?

ఆ రోజుల్లో మరాఠీ ఇళ్లలో పెళ్లి కాగానే అమ్మాయి పేరు మార్చేవాళ్లు. పుట్టింటి పేరు పుట్టింట్లోనే ఉండిపోయేది. రానడే గారి భార్య అసలు పేరు యమున. రమ అన్నది అత్తింటి పేరు. తిలక్ గారి భార్య తాపీబాయి సత్యభామాబాయి అయింది ఇలాగే. కొత్తగా పెట్టే పేర్లు చాలావరకు దేవతలవే కావడంతో రమ, లక్ష్మి, ఆనంది లాంటివి ఇంటింటా ఉండేవి. అందరు రమాబాయిలకూ పెళ్లితోనే ఆ పేరు వచ్చిందని మాత్రం అనుకోకండి. పండిత రమాబాయికి అది చిన్ననాటి నుంచీ ఉన్న పేరు.

"మాధవరావు భార్య రమాబాయి" అని ఒక చోట చదివాను. ఎవరు ఈవిడ?

రాసినవాళ్లు ఏ మాధవరావు గురించి చెబుతున్నారో చూసుకోవాలి. పీష్వా పేరు మాధవరావు. మహాదేవ గోవింద రానడేని కూడా మరాఠీవాళ్లు మాధవరావు రానడే అనే పిలిచేవారు. ఇద్దరి భార్యలూ రమాబాయిలే, ఇద్దరి ఊరూ పుణేనే! పక్కన ఉన్న సంవత్సరం చూస్తే తేలిపోతుంది. ఇద్దరి మధ్యా వందేళ్ల తేడా ఉంది.

పీష్వా భార్య రమాబాయి గురించి ఏం తెలుసు?

పానిపట్టు ఓటమి తర్వాత 1761లో, పదహారేళ్ల వయసులో మాధవరావు పీష్వా అయ్యాడు. 1763లో గోదావరి ఒడ్డున రాక్షసభువన్ దగ్గర హైదరాబాద్ నిజాం అలీ ఖాన్ సైన్యాన్ని ఓడించాడు. హైదర్ అలీతో పోరాడాడు. సొంత బాబాయి రఘునాథరావుతో ఇంటిపోరు మరోవైపు. చివరికి క్షయ పట్టుకుంది. పుణే దగ్గర థేవూర్‌లోని చింతామణి గణపతి సన్నిధికి చేరి, 1772 నవంబరు 18న అక్కడే చనిపోయాడు. అప్పటికి ఇరవై ఎనిమిదేళ్లు కూడా లేవు. పిల్లలు లేరు. రమాబాయి అక్కడే నది ఒడ్డున ఆయన చితి మీద సతి అయ్యారు.

ఆమె గురించి రాసేవాళ్లు తరచూ ఈ చావును గొప్ప ప్రేమకథగా చెబుతారు. నాకది ఒప్పుకోబుద్ధి కాదు. పాతికేళ్లైనా నిండని, పిల్లలు లేని పీష్వా వితంతువుకు ఆ కాలంలో బతుకు ఎలా ఉండేదో ఆలోచించకుండా ఆమె నిర్ణయాన్ని పొగడటం సులువు. ఆమె స్వయంగా చెప్పిన మాట ఒక్కటీ మన దాకా రాలేదు. మిగతా ముగ్గురి విషయంలో కనీసం వాళ్ల పనులో, రాతలో, ఉత్తరాలో మిగిలాయి. బొంబాయి, మద్రాసు ప్రాంతాల్లో సతిని చట్టం నిషేధించింది 1830లో, అంటే ఆమె పోయిన దాదాపు అరవై ఏళ్లకు.

రానడే వితంతు వివాహాలను సమర్థించారు కదా, మరి పదకొండేళ్ల పిల్లను ఎలా పెళ్లి చేసుకున్నారు?

ఈ ప్రశ్న ఆయన బతికి ఉన్నప్పుడే పుణే అంతా అడిగింది. 1873లో మొదటి భార్య పోయారు. రానడే వయసు ముప్పై ఒకటి. వితంతు వివాహాల పక్షాన బహిరంగంగా నిలబడ్డ మనిషి కాబట్టి, ఈసారి ఒక వితంతువునే చేసుకుంటాడని మిత్రులు ఎదురుచూశారు. సరిగ్గా అదే భయంతో తండ్రి తొందరపడ్డాడు. సాంగ్లీ వైపు దేవరాష్ట్రే గ్రామానికి చెందిన కుర్లేకర్ల ఇంటి పిల్లను చూసి, అదే ఏడాది పెళ్లి జరిపించేశాడు. రానడే తండ్రి మాటకు ఎదురు చెప్పలేకపోయారు.

సంస్కర్తలు నిరాశపడ్డారు, ఛాందసులు వెక్కిరించారు. ఆయన్ని వెనకేసుకురావడానికి చాలామంది "ఆ కాలం అలాంటిది" అంటారు. కానీ ఆ కాలంలోనే దీన్ని తప్పన్నవాళ్లు ఉన్నారు, ఆయనకే అది తప్పని తెలుసు. ఇందులో నష్టపోయింది ఆయన పేరు ఒక్కటే కాదు. లోకమంతా ఆయన ఆదర్శం గురించి వాదించుకుంటుంటే, ముక్కూ మొహం తెలియని ముప్పై ఏళ్ల మగమనిషి ఇంటికి ఒక పదకొండేళ్ల అమ్మాయి వచ్చి నిలబడింది. ఆ అమ్మాయి వైపు నుంచి కథ చూసినవాళ్లు తక్కువ.

ఆమెకు చదువు చెప్పింది ఆయనేనా?

అవును, పెళ్లయిన కొత్తలోనే మొదలుపెట్టారు. ఆ పిల్లకు అప్పటికి అక్షరం ముక్క రాదు. ఆడపిల్ల చదివితే భర్తకు కీడు అని నమ్మిన ఇంటి నుంచి వచ్చింది. ఆయన పలక పట్టించి మరాఠీ అక్షరాలు దిద్దించారు. తర్వాత లెక్కలు, భూగోళం, ఇంగ్లీషు.

రాత్రి గదిలో పాఠం బాగానే సాగేది. కష్టమంతా పగలు. రానడే ఇల్లంటే పెద్ద ఉమ్మడి కుటుంబం. ఇంట్లో వయసులో పెద్దవాళ్లైన ఆడవాళ్లు చాలామంది. వాళ్లెవరికీ ఈ చదువు నచ్చలేదు. ఇంగ్లీషు చెప్పడానికి క్రైస్తవ టీచరు ఒకావిడ ఇంటికి వచ్చేది. పాఠం అయ్యాక రమాబాయి స్నానం చేస్తేగానీ వంటింట్లోకి రానిచ్చేవాళ్లు కాదు. అంటే ఇంగ్లీషు ముక్క నేర్చుకున్న ప్రతిసారీ తలమీద నీళ్లు పోసుకోవాలి. ఈ సూటిపోటి మాటలేవీ ఆమె భర్తకు చాడీలుగా చెప్పేది కాదు. ఆయన కూడా ఇంటి ఆడవాళ్లతో గొడవకు దిగేవాడు కాదు. ఆదర్శం ఆయనది, దానికి రోజూ ఖర్చు పెట్టుకున్నది ఆమె.

ఇవన్నీ మనకు ఎలా తెలుసంటే, ఆమే రాశారు కాబట్టి. 1910లో తమ కాపురం జ్ఞాపకాలను మరాఠీలో పుస్తకంగా తెచ్చారు. మరాఠీ స్త్రీలు రాసుకున్న తొలి ఆత్మకథల్లో దానికి ఇప్పటికీ పెద్ద పీటే. అందులో భర్త మీద భక్తి ఎక్కువే. అయినా వంటింటి రాజకీయాలను ఆవిడ దాచలేదు. ఎవరు మాట్లాడటం మానేశారు, ఎవరు పక్కన కూర్చోనివ్వలేదు, అన్నీ ఉన్నాయి. సంస్కరణ ఉద్యమాన్ని ఉపన్యాసాల నుంచి కాకుండా ఇంటి లోపలి నుంచి చూడాలనుకుంటే ఇంతకంటే మంచి సాక్ష్యం దొరకదు.

భర్త పోయాక రమాబాయి రానడే ఏం చేశారు?

1901 జనవరి 16న రానడే చనిపోయారు. ఆమెకు నలభై కూడా నిండలేదు. కొంతకాలం ఎవరికీ కనబడకుండా ఇంట్లోనే ఉండిపోయారు. తర్వాత బయటికి వచ్చి మరో ఇరవై ఏళ్లకు పైగా పనిచేశారు. 1904లో బొంబాయిలో జరిగిన భారత మహిళా పరిషత్తుకు అధ్యక్షత వహించారు. 1908లో సంస్కర్తలు మలబారీ, దయారాం గిడుమల్ మొదలుపెట్టిన బొంబాయి సేవా సదన్‌కు మొదటి అధ్యక్షురాలు ఆమే. 1909లో పుణే సేవా సదన్ వచ్చింది. దానికి గోపాలకృష్ణ దేవధర్ తోడు నిలిచారు.

సేవా సదన్ చేసిన పనిని ఒక్క మాటలో "సమాజ సేవ" అంటే సరిపోదు. చదువు మధ్యలో ఆగిపోయిన పెళ్లైన స్త్రీలకు, వితంతువులకు తరగతులు పెట్టారు. టీచర్లుగా తయారుచేశారు. అగ్రకులాల వితంతువులను నర్సు శిక్షణకు సాసూన్ ఆసుపత్రికి పంపారు. పరాయి మనుషుల ఒళ్లు తుడవడం, మలమూత్రాలు ఎత్తడం అప్పటి దృష్టిలో పరువు పోయే పని. ఆ పనికి ఇళ్ల నుంచి ఆడవాళ్లను ఒప్పించి తీసుకురావడం మామూలు విషయం కాదు. ఎరవాడ జైలుకు వెళ్లి మహిళా ఖైదీలతో మాట్లాడేవారు. ఆడపిల్లలకు నిర్బంధ ప్రాథమిక విద్య కోసం, స్త్రీల ఓటు హక్కు కోసం గట్టిగా నిలబడ్డారు. 1924లో పోయారు. ఈ ఇరవై ఏళ్ల పనిలో రానడే గారి పేరు తోడుగా ఉంది, నిజమే. పని మాత్రం పూర్తిగా ఆమెది.

పండిత రమాబాయి ఎవరి భార్య?

బిపిన్ బిహారీ మేధావి అనే బెంగాలీ వకీలు భార్య. ఆయన ప్రసిద్ధుడేమీ కాదు. "ప్రముఖుల భార్యలు" జాబితాలో ఈవిడను ఇరికించేవాళ్లు ఎక్కువగా రానడే భార్య అని పొరబడి ఇరికిస్తారు. నన్నడిగితే ఆ జాబితా నుంచి ఈవిడను తీసేయాలి. భర్త పేరుతో గుర్తుపట్టాల్సిన మనిషి కాదు.

1878లో అన్న శ్రీనివాస్‌తో కలిసి కలకత్తా చేరినప్పుడు ఆమెకు ఇరవై ఏళ్లు. ఆమె సంస్కృతం విని అక్కడి పండితులు పండిత, సరస్వతి అనే బిరుదులిచ్చారు. 1880లో అన్న పోయాడు. అదే ఏడాది నవంబరులో బాంకీపూర్‌లో మేధావితో రిజిస్టరు పెళ్లి. ఆమె చిత్పావన బ్రాహ్మణ స్త్రీ, ఆయనది వేరే కులం, వేరే ప్రాంతం, వేరే భాష. ఇద్దరి వైపు వాళ్లూ హర్షించలేదు. అస్సాంలోని సిల్చార్‌లో కాపురం పెట్టారు. 1881లో కూతురు మనోరమ పుట్టింది. 1882 ఫిబ్రవరిలో కలరాతో మేధావి చనిపోయారు. కాపురం రెండేళ్లు కూడా సాగలేదు. ఇరవై మూడేళ్ల వితంతువు, చంకలో పసిపిల్ల. ఆవిడ చేసిన పెద్ద పనులన్నీ ఆ తర్వాతివే.

పండిత రమాబాయికి తిరుపతితో సంబంధం ఉందా?

ఉంది. తెలుగువాళ్లం తప్పక తెలుసుకోవాల్సిన సంబంధం అది. ఆమె తండ్రి అనంత శాస్త్రి డోంగ్రే భార్యకు, కూతుళ్లకు సంస్కృతం నేర్పాడు. దానికి సొంతవాళ్లే ఆయన్ను దూరం పెట్టారు. కుటుంబమంతా ఊరూరా తిరుగుతూ, గుళ్లలో పురాణం చదివి, భక్తులు ఇచ్చిన దానితో బతికేది. 1870లలో దక్షిణాదిని కరవు కమ్ముకుంది. పురాణం వినేవాళ్లు లేరు, పెట్టేవాళ్లు అసలే లేరు. అడుక్కోవడానికి మనసు ఒప్పలేదు. కూలికి వెళ్దామంటే ఎవరికీ ఒళ్లు వంచి చేసే పని రాదు.

ఉన్న సొమ్మంతా, గిన్నెలూ గుడ్డలతో సహా, అయిపోయిన రోజు వాళ్లు తిరుపతిలో ఉన్నారు. చివరి బియ్యపు గింజ కూడా తినేశాక అందరూ కూర్చుని మాట్లాడుకున్నారు. నలుగురిలో పరువు పోవడం కంటే అడవిలోకి పోయి చావడం మేలనుకున్నారు. ఆ రాత్రే కొండ మీద ఉంటున్న ఇల్లు వదిలి అడవిలోకి నడిచారు. పదకొండు పగళ్లు, పదకొండు రాత్రులు నీళ్లు తాగి, ఆకులు, గుప్పెడు అడవి ఈతపళ్లు తిని గడిపారు. చూపు మందగించిన ముసలి తండ్రి ఇక ఓర్చుకోలేక తీర్థంలో మునిగి ప్రాణం విడుస్తానన్నాడు. అప్పుడు అన్న, ఏ పనైనా చేసి పోషిస్తానని ముందుకొచ్చాడు. అందరూ అడవి నుంచి బయటపడ్డారు. తండ్రి ఎంతోకాలం బతకలేదు. తర్వాత తల్లి, ఆపైన అక్క పోయారు. ఇదంతా ఆమె తన అనుభవాలు చెప్పుకున్న చిన్న రచనలో ఉంది. తిరుమల అడవి దారుల్లో ఆకలితో తిరిగిన ఆ టీనేజి పిల్లే, ఇరవై ఏళ్లు దాటాక మళ్లీ కరవు వచ్చినప్పుడు, 1896-97లో, మధ్య పరగణాలకు వెళ్లి ఆకలితో మాడుతున్న వందలాది ఆడపిల్లలను కేడ్‌గావ్‌కు తెచ్చి అన్నం పెట్టింది. ఆ పని ఎందుకు చేసిందో చెప్పడానికి ఇంకో కారణం వెతకక్కర్లేదు.

రమాబాయి రానడే, పండిత రమాబాయి ఎప్పుడైనా కలుసుకున్నారా?

కలుసుకోవడమే కాదు, కొన్నాళ్లు ఒకే సభలో పక్కపక్కన కూర్చున్నారు. భర్త పోయిన కొద్ది నెలలకే, 1882లో, పండిత రమాబాయి పుణే వచ్చారు. ఆమెను ఆదరించినవాళ్లలో రానడే దంపతులు ముందున్నారు. ఆ ఏడాదే ఆమె ఆర్య మహిళా సమాజం పెట్టారు. వారం వారం జరిగే సభలకు రమాబాయి రానడే వెళ్లేవారు. ఒకరికి ఇరవై నాలుగేళ్లు, ఇంకొకరికి ఇరవై నిండీ నిండనట్టు. ఒకరు సంస్కృతంలో అనర్గళంగా మాట్లాడగల పండితురాలు, ఇంకొకరు ఇంట్లో దెప్పులు పడుతూ అక్షరాలు కూడబలుక్కున్న కోడలు. ఆ సభల నుంచి ఇంటికి వస్తే మళ్లీ పెద్ద ఆడవాళ్ల చీవాట్లు. ఊరూరా తిరిగిన, కులం కాని వాడిని చేసుకున్న ఆవిడ ఉపన్యాసాలు వినడానికి సిగ్గు లేదా అని. అయినా రమాబాయి రానడే వెళ్లడం మానలేదు.

అదే ఏడాది పండిత రమాబాయి, చదువుల పరిస్థితి చూడటానికి ప్రభుత్వం వేసిన హంటర్ కమిషన్ ముందు సాక్ష్యం చెప్పారు. ఆడపిల్లలకు ఆడ టీచర్లు, ఆడవాళ్ల జబ్బులకు ఆడ డాక్టర్లు కావాలని అడిగారు. 1883లో ఇంగ్లండు వెళ్లి, అక్కడ వాంటేజ్‌లో క్రైస్తవం తీసుకున్నారు. అమెరికాలో తిరిగి విరాళాలు సేకరించి, 1889లో బొంబాయిలో బాల వితంతువుల కోసం శారదా సదన్ తెరిచారు. మరుసటి ఏడాది అది పుణేకు మారింది. మత ప్రచారం ఉండదన్న హామీ మీద రానడే, సంస్కృత పండితుడు భాండార్కర్ సలహా సంఘంలో చేరారు. కొందరు బాలికలు రమాబాయి చేసుకునే ప్రార్థనకు వచ్చి కూర్చోవడం మొదలుపెట్టారు. ఆమె రమ్మనలేదు, పొమ్మనీ అనలేదు. పత్రికల్లో పెద్ద దుమారం రేగింది. 1893లో రానడే, భాండార్కర్ సంఘం నుంచి తప్పుకున్నారు. చాలామంది తల్లిదండ్రులు పిల్లలను తీసుకెళ్లిపోయారు.

తప్పు ఎవరిదని అడుగుతారు. పెద్దమనుషుల భయం అర్థం చేసుకోదగ్గదే. హామీ ఒకటి, జరుగుతున్నది ఇంకొకటి అని వాళ్లకు అనిపించింది. కానీ గుండు గీయించి మూల కూర్చోబెట్టిన పిల్లలకు అప్పట్లో పుణేలో ఇంకో చోటు చూపించగలిగినవాళ్లు ఎవరూ లేరు. ఆ దృష్టితో చూస్తే నేను రమాబాయి పక్షమే.

పరీక్షలో అడుగుతున్నారు, ఏ సంస్థ ఎవరిది?

ఆర్య మహిళా సమాజం (1882), శారదా సదన్ (1889), ముక్తి మిషన్ పండిత రమాబాయివి. హిందూ లేడీస్ సోషల్ క్లబ్, పుణే సేవా సదన్ (1909) అంటే రమాబాయి రానడే. పేర్లలో "సదన్" చూసి ఒకటి అనుకుని ఒకటి టిక్ పెట్టేస్తుంటారు. శారద అంటే పండిత, సేవ అంటే రానడే అని పెట్టుకోండి. బ్రిటిష్ ప్రభుత్వమిచ్చిన కైసర్-ఎ-హింద్ పతకం (1919), హీబ్రూ, గ్రీకుల నుంచి బైబిలు మరాఠీ అనువాదం కూడా పండిత రమాబాయివే.

రమాబాయి అంబేడ్కర్ పెళ్లి నిజంగా మార్కెట్లో జరిగిందా?

నిజమే. కొంకణ్‌లో దాపోలి దగ్గర వణంద్ అనే ఊళ్లో 1898లో పుట్టారు. తండ్రి భీకూ రేవులో చేపల బుట్టలు మోసేవాడు. చిన్నతనంలోనే తల్లి, తర్వాత తండ్రి పోతే మేనమామ, బాబాయి పిల్లల్ని బొంబాయి తెచ్చుకున్నారు. 1906లో భీమ్‌రావుతో పెళ్లి అయినప్పుడు ఆమెకు సుమారు తొమ్మిదేళ్లు, ఆయనకు పదిహేను. కల్యాణ మండపం లేదు. బైకుల్లా మార్కెట్లో పగటి బేరాలు ముగిసి, దుకాణాలు కట్టేశాక, రేకుల కింద ఒక మూల పెళ్లికొడుకు వారు, ఇంకో మూల పెళ్లికూతురు వారు సర్దుకున్నారు. చేపలమ్మే రాతి అరుగులే బల్లలు. కింద కాలవలో మురికినీరు పారుతూనే ఉంది. తెల్లారి మార్కెట్ తెరిచే లోపు ఖాళీ చేయాలి.

ఆ తర్వాతి జీవితం ఆయన చదువుతో పాటు నడిచింది. 1913లో బరోడా మహారాజు ఉపకార వేతనంతో ఆయన న్యూయార్క్ కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. ఆ ఏడాదే మామగారు రాంజీ పోయారు. ఆయన అమెరికా, లండన్లలో ఉన్న ఏళ్లలో బొంబాయి చాల్‌లో (కూలీలుండే ఒంటిగదుల వరస ఇళ్లలో) ఇల్లు గడిపింది ఆమె. పేడ ఏరి పిడకలు చేసింది. ఐదుగురు పిల్లల్లో నలుగురు, గంగాధర్, రమేశ్, ఇందు, రాజరత్న, చిన్నతనంలోనే పోయారు. మిగిలింది యశ్వంత్ ఒక్కడు. 1926లో రాజరత్న పోయినప్పుడు బతుకులో రుచే పోయిందని అంబేడ్కర్ ఒక మిత్రుడికి ఉత్తరం రాశారు. రమాబాయి రాసుకున్న ఉత్తరం మన దగ్గర లేదు, కానీ ఆ ఇంట్లో పాడె నాలుగుసార్లు లేచింది ఆమె కళ్ల ముందే.

ఆవిడ గురించి "త్యాగమూర్తి" అని తప్ప ఇంకేమీ రాయరెందుకు?

ఇది నన్ను బాగా బాధపెట్టే విషయం. త్యాగం అన్న మాట అబద్ధం కాదు. కానీ ఆ ఒక్క మాటతో ఆమె శ్రమ మొత్తం మాయమైపోతుంది. తిండిలేని ఏళ్లలో ఉన్న కాస్తలో ఇల్లు నడపడం, రోగాల మధ్య పిల్లల్ని పెంచడం, విదేశంలో ఉన్న మనిషికి ఇంటి కష్టం తెలియనివ్వకపోవడం. ఇవన్నీ రోజూ తెల్లారి లేచి చేయాల్సిన పనులు, వాటికి నేర్పు కావాలి, లెక్క కావాలి. అంబేడ్కర్ చదువుకు బరోడా నుంచి సాయం అందిందని అందరూ రాస్తారు. పరేల్ చాల్ నుంచి అందిన సాయాన్ని కూడా అదే వరసలో రాయాలి.

అంబేడ్కర్ స్వయంగా ఆ లెక్క రాశారు. పాకిస్తాన్ సమస్య మీద 1940లో వచ్చిన తన పుస్తకాన్ని "రాము" జ్ఞాపకానికి అంకితమిచ్చారు. ఇంట్లో ఆమెను పిలిచే పేరు అదే. ఆమె మంచి మనసును, స్వభావంలోని ఔన్నత్యాన్ని మెచ్చుకుంటూ, తోడెవరూ లేని లేమి రోజుల్లో తనతో పాటు కష్టపడటానికి చూపిన నిబ్బరాన్ని తలచుకున్నారు. అప్పటికి ఆమె పోయి అయిదేళ్లయింది.

పండరీపురం వెళ్లాలని అడిగితే అంబేడ్కర్ వద్దన్నారా?

ఆమె విఠోబా భక్తురాలు, పండరీపురం వెళ్లాలని ఆశపడ్డారు. అంటరానివాళ్లను గుడి బయటే నిలబెట్టే కాలం అది. అలాంటి చోటికి పోవద్దని, మనవాళ్ల కోసం మనమే కొత్త పండరీపురం కట్టుకుందామని ఆయన అన్నట్టు చెబుతారు. ఆమె 1935 మే 27న దాదర్‌లోని తమ ఇల్లు రాజగృహలో కన్నుమూశారు. అదే ఏడాది అక్టోబరు 13న యేవలాలో, హిందువుగా పుట్టాను గానీ హిందువుగా చావను అని అంబేడ్కర్ ప్రకటించారు.

మాయీసాహెబ్, రమాయి ఒకరేనా?

కాదు. మాయీసాహెబ్ అంటే డాక్టర్ సవితా అంబేడ్కర్, 1948లో పెళ్లాడిన రెండో భార్య. వృత్తిరీత్యా వైద్యురాలు. ఆమె పుట్టింటి పేరు శారదా కబీర్. పేరు మారడం ఇక్కడ కూడా చూడండి.

బొంబాయి రమాబాయి నగర్ ఎవరి పేరు?

ఘాట్‌కోపర్‌లోని మాతా రమాబాయి అంబేడ్కర్ నగర్ అంబేడ్కర్ గారి భార్య పేరు మీద వెలిసిన దళిత బస్తీ. 1997 జులై 11న అంబేడ్కర్ విగ్రహానికి చెప్పుల దండ వేసి ఉండటం చూసి జనం రోడ్డెక్కితే, రిజర్వు పోలీసులు కాల్చారు. పదిమంది చనిపోయారు.

రఖ్మాబాయి కూడా ఈ జాబితాలోనిదేనా?

కాదు, పేరు విని పొరబడతారు. చిన్నప్పుడు చేసిన పెళ్లిని ఒప్పుకోను, కాపురానికి వెళ్లను అని 1880లలో కోర్టులో నిలబడి, తర్వాత లండన్‌లో వైద్యం చదివిన ధైర్యశాలి రఖ్మాబాయి.

రమాబాయి లాగే ఇంకో పేరేదైనా ఇలా గందరగోళం చేస్తుందా?

ఆనందీబాయి. పీష్వా మాధవరావు బాబాయి రఘునాథరావు భార్య ఒక ఆనందీబాయి. 1886లో ఫిలడెల్ఫియాలో వైద్య పట్టా అందుకున్న ఆనందీబాయి జోషి ఇంకొకరు. ఆమె పుట్టింటి పేరూ యమునే! పట్టా ఇచ్చే సభకు దూరపు బంధువైన పండిత రమాబాయి సముద్రం దాటి వెళ్లారు. మరుసటి ఏడాదే, ఇరవై రెండేళ్లు నిండకుండానే, ఆనందీబాయి పుణేలో చనిపోయారు.

మూడో ఆనందీబాయి కథ మన రమాబాయిలతోనే కలుస్తుంది. చిన్నప్పుడే వితంతువైన గోదూబాయి శారదా సదన్‌లో మొదట చేరిన పిల్లల్లో ఒకరు. 1893లో సంస్కర్త ధోండో కేశవ కర్వేను పెళ్లి చేసుకుని ఆనందీబాయి కర్వే అయ్యారు. వితంతువును చేసుకున్నందుకు కర్వేను సొంత ఊరే వెలివేసింది. ఆ కర్వేకే 1958లో భారతరత్న ఇచ్చారు. రానడే వదిలేసిన శారదా సదన్‌లో చదివిన పిల్ల, రానడే చేయలేకపోయిన పెళ్లి చేసుకుంది.

రానడే, అంబేడ్కర్‌ల మధ్య సంబంధం ఏమైనా ఉందా?

ఇద్దరూ కలిసే అవకాశం లేదు, రానడే పోయేనాటికి అంబేడ్కర్ పదేళ్లు కూడా నిండని పిల్లవాడు. కానీ 1943 జనవరి 18న పుణేలో రానడే జయంతి సభలో అంబేడ్కర్ చేసిన ప్రసంగం ప్రసిద్ధం. రాజకీయ స్వేచ్ఛ కంటే ముందు సమాజం బాగుపడాలన్న రానడే పట్టుదలను అందులో మెచ్చుకున్నారు.

పోస్టర్‌కు ఫోటో ఎలా సరిచూసుకోవాలి?

తపాలా బిళ్లలు పనికొస్తాయి. రమాబాయి రానడే బిళ్ల 1962లో, పండిత రమాబాయి బిళ్ల 1989లో వచ్చాయి. తేదీలూ గుర్తుంచుకోండి. ఫిబ్రవరి 7 రమాబాయి అంబేడ్కర్ జయంతి, మే 27 వర్ధంతి. ఏప్రిల్ 23 పండిత రమాబాయి జయంతి, ఏప్రిల్ 5 వర్ధంతి. ఈ రెంటికీ మధ్యే ఏప్రిల్ 14 ఉండటంతో ఏప్రిల్‌లో వచ్చే పోస్టర్లలో తప్పులు ఇంకాస్త ఎక్కువ.

ఈ నలుగురి చోట్లూ చూడాలంటే?

సికింద్రాబాద్ నుంచి షోలాపూర్ మీదుగా పుణే వెళ్లే రైలు దౌండ్ దాటాక కేడ్‌గావ్ మీదుగానే వెళ్తుంది. ముక్తి మిషన్ అక్కడే ఉంది, ఇప్పటికీ నడుస్తోంది. పుణేకు ఇంకా దగ్గర పడ్డాక, షోలాపూర్ రోడ్డు నుంచి కాస్త పక్కకు తిరిగితే థేవూర్. గణపతి దర్శనం చేసుకున్నాక నది వైపు నడిస్తే పీష్వా రమాబాయి సతి స్మారకం కనబడుతుంది. పుణే ఊళ్లో సేవా సదన్ సంస్థ పేరు ఎవరినడిగినా చెబుతారు. ముంబయిలో దాదర్ హిందూ కాలనీలో రాజగృహ. డిసెంబరు 6కి, అంబేడ్కర్ వర్ధంతికి, ఆయన అంత్యక్రియలు జరిగిన చైత్యభూమికి వెళ్లే తెలుగువాళ్లు చాలామంది అక్కడికి కూడా వెళ్తారు. వెళ్లినప్పుడు గ్రంథాలయం గురించే కాదు, ఆ ఇంట్లో రమాబాయి ఉన్న రోజుల గురించి కూడా అడగండి.